ఓక్లహోమా దుమ్ము తుఫానుల నాటి ఉత్తరాలు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: డాలస్ నుంచి ఉద్యోగం మారి ఈ మధ్యే ఓక్లహోమా సిటీకి వచ్చాం. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి రాష్ట్ర చరిత్రలో ప్రాజెక్టు ఇచ్చారు. 1930ల నాటి డస్ట్ బౌల్ (కరువులో దుమ్ము తుఫానులు పొలాల్ని ముంచేసిన కాలం) గురించి, పాఠ్యపుస్తకం పక్కన పెట్టి, అప్పటి మనుషుల ఉత్తరాలు, డైరీలు, జ్ఞాపకాల నుంచే రాయాలట. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. అసలు వాళ్లు రాసుకున్నదంతా నిజమని ఎలా నమ్మడం?

జవాబు:

రెండో ప్రశ్న ముందు తీసుకుంటానండీ. అది తేలితే మొదటిది సులువు.

నేను 1985లో ఇదే రాష్ట్రంలోని స్టిల్‌వాటర్‌కి చదువుకోడానికి వచ్చాను. మాది అనంతపురం జిల్లా, నాన్న వేరుశనగ రైతు. మొదటి చలికాలం నాన్నకి రాసిన ఏరోగ్రామ్‌లన్నీ ‘ఉభయకుశలోపరి’ అనే మొదలయ్యేవి. చలి పెద్దగా లేదు, భోజనానికి ఇబ్బంది లేదు, చదువు బాగా సాగుతోంది. అదే వారం హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుడికి రాసిన ఉత్తరంలో మాత్రం బ్రెడ్డూ కోడిగుడ్లతో నెల ఈడుస్తున్నానని, రాత్రిళ్లు కోటు వేసుకునే పడుకుంటున్నానని, వెనక్కి వచ్చేస్తే పరువు పోతుందని ఆగానని ఉంది. రెండూ నా చేతి రాతే. నాన్న ఉత్తరం ఒక్కటే దొరికినవాడు ఆ ఏడాది ఓక్లహోమాలో చలి లేదని రాసుకుంటాడు.

అందుకని ఏ పాత ఉత్తరం చేతికొచ్చినా, రాసిందెవరని చూసే ముందు అది ఎవరికి వెళ్లిందో చూడమని మీ అమ్మాయికి చెప్పండి. రోడ్ల పని నుంచి రిటైరయ్యాక పన్నెండేళ్లుగా ఇక్కడ ఒక చిన్న కౌంటీ మ్యూజియంలో వాలంటీరుగా పాత కాగితాలు సర్దుతున్నాను. నేను నేర్చుకున్నదాంట్లో పనికొచ్చేది ముఖ్యంగా ఇదొక్కటే.

ఇక మొదలుపెట్టాల్సిన మనిషి కెరొలైన్ హెండర్సన్. ఓక్లహోమా మ్యాప్‌లో పడమటి వైపు గరిటె కాడలా పొడుచుకొచ్చిన సన్నటి పట్టీ ఉంటుంది చూడండి, దాన్ని ప్యాన్‌హ్యాండిల్ అంటారు. ఎత్తు 34 మైళ్లే, పొడవు 160 మైళ్లు దాటుతుంది. బానిసత్వాన్ని వదులుకోవడం ఇష్టం లేని టెక్సస్ 1850 ఒప్పందంలో, బానిసత్వం చెల్లని, 36 డిగ్రీల 30 నిమిషాల గీతకి ఉత్తరాన ఉన్న నేలని వదిలేసింది. కాన్సస్ సరిహద్దు 37 డిగ్రీల దగ్గర ఆగింది. మధ్యలో మిగిలిన అర డిగ్రీ ముక్క 1890 దాకా ఏ రాష్ట్రానికీ, ఏ టెరిటరీకీ (అంటే ఇంకా రాష్ట్రం కాని పాలనా ప్రాంతానికీ) చెందలేదు. అందుకే దానికి ‘నో మ్యాన్స్ ల్యాండ్’ అని పేరు. ఇప్పటికీ అక్కడివాళ్లు ఆ మాట గర్వంగానే చెప్పుకుంటారు.

కెరొలైన్ ఆ నేలకి 1907లో ఒంటరిగా వచ్చింది. అప్పటికి ఆమెకి 30 ఏళ్లు. మౌంట్ హోల్యోక్ కాలేజీలో 1901లో డిగ్రీ పూర్తి చేసిన మనిషి. టీచరుగా పనిచేస్తూ, ఈవా అనే ఊరి దగ్గర హోంస్టెడ్ చట్టం కింద ఒక ‘క్వార్టర్’, అంటే 160 ఎకరాలు రాయించుకుంది. ఆ చట్టం పద్ధతి ఏమిటంటే, నేల ఊరికే ఇస్తారు కానీ ఏళ్ల తరబడి దానిమీదే కాపురముండి, సాగు చేసి, సాక్షుల్ని తెచ్చి నిరూపించుకోవాలి. దాన్ని ‘ప్రూవ్ అప్’ అనేవారు. ఒంటిగది ఇంట్లో ఉంటూ బావి తవ్వడానికి కూలీల్ని పిలిపిస్తే, ఆ బావి పనికి వచ్చిన విల్ హెండర్సన్‌తోనే 1908లో ఆమె పెళ్లయింది. ఆ ఏడాది కాలేజీ స్నేహితురాలు రోజ్‌కి రాసిన ఉత్తరం చదవండి. ఈ పట్టీలోకెల్లా ముచ్చటైన క్లెయిమ్ (రాయించుకున్న నేల) తనదేనని, ఈ అడవిలాంటి చోటే తన జీవితంలోకెల్లా పెద్ద సంతోషం దొరికిందని మురిసిపోతూ రాస్తుంది.

నిజంగానే అంత సంతోషంగా ఉందా? ఉండొచ్చు, కొత్త పెళ్లికూతురు కదా. కానీ ఆ ఉత్తరం వెళ్తున్నది తూర్పు తీరంలో చదువుకున్న స్నేహితురాలికి. ఇంత చదువూ చదివి ఈ ఎడారిలో ఏం చేస్తున్నావని అడగకుండానే అడుగుతున్న మనిషికి. జవాబు అలాగే ఉంటుంది. నేను స్టిల్‌వాటర్ నుంచి రాసినట్టే.

ఇరవై ఏడేళ్లు ముందుకి రండి. 1935 జూన్ చివర, మేరీల్యాండ్‌లో ఉన్న ఈవ్లిన్ అనే స్నేహితురాలికి ఆమె రాసిన ఉత్తరం ఇప్పుడు చాలా ప్రసిద్ధం. తర్వాతి ఏడాది మే నెలలో అట్లాంటిక్ మంత్లీ పత్రిక దాన్ని అచ్చువేసింది. ఎండ టోపీలు పెట్టుకుని, ముఖానికి చేతిరుమాళ్లు కట్టుకుని, ముక్కు రంధ్రాల్లో వాజలైన్ రాసుకుని ఇల్లు శుభ్రం చేసుకుంటున్నామంటుంది. శుభ్రం అన్నది ఉత్త ఆశే, గాలి లేవగానే మళ్లీ మొదలు. ఒకసారి పలచటి పొర, ఒకసారి వంటింటి నేలమీద ఇసుక అలలు తేలేంత. ఎన్నో ఏళ్లు పెంచుకున్న లోకస్ట్ చెట్ల తోపు (మిడత కాదండీ, ఇక్కడ అదొక చెట్టు పేరు) ఎండిపోయి, చివరికి కంచె గుంజల కుప్పగా మిగిలిందని ఒక్క వాక్యంలో చెప్పేసి ముందుకెళ్తుంది. నాకైతే ఆ దుమ్ము వర్ణనంతా ఒక ఎత్తు, ఆ గుంజల కుప్ప ఒక ఎత్తు. ఏడుపు లేదు, విశేషణం లేదు. రైతు మనిషి మాట్లాడే తీరే అది.

అదే ఉత్తరంలో ఇంకో చోటు ఉంది. వెళ్లిపోవాల్సి రావొచ్చు, నేల ఏమీ ఇవ్వకపోతే ఎన్నాళ్లని ఉండగలం అంటుంది. కానీ ఇంకెక్కడో కాస్త సుఖంగా ఉండొచ్చని తమంతట తాము ఈ బంధాలన్నీ తెంచుకుని పోవడమంటే, అప్పగించిన పనిని మధ్యలో వదిలేసినట్టే అనిపిస్తోందంటుంది. మీ అమ్మాయి ఈ రెండు మాటల మధ్య ఎంతసేపు ఆగితే ప్రాజెక్టు అంత బాగా వస్తుంది.

నెల తిరక్కుండా, 1935 జూలైలోనే, ఆమె ఇంకో ఉత్తరం రాసింది. ఈసారి వ్యవసాయ మంత్రి హెన్రీ వాలెస్‌కి. 27 ఏళ్లుగా ఈ చిన్న నేల ముక్కే మా ఆలోచనకీ ఆశకీ శ్రమకీ కేంద్రమని చెప్పుకుంటూ, ఆ ప్రాంతం స్థితిగతులు మంత్రికి వివరిస్తుంది. స్నేహితురాలికి రాసినప్పుడు వంటిల్లు, చెట్లు, పక్కింటివాళ్లు. మంత్రికి రాసినప్పుడు పొరుగు రైతులందరి తరఫునా మాట్లాడే పెద్దమనిషి. మనిషి ఒక్కతే, వేసవి ఒక్కటే. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేనివి ఏమిటో ఒక కాగితం మీద రాసుకోమనండి. సగం ప్రాజెక్టు అక్కడే అయిపోతుంది.

ఆమె ఉత్తరాలు, వ్యాసాలు 2001లో యూనివర్సిటీ ఆఫ్ ఓక్లహోమా ప్రెస్ ఒకే సంపుటిగా తెచ్చింది. ఏ పెద్ద లైబ్రరీలోనైనా దొరుకుతుంది. అది తిరగేస్తే మీకే కనిపిస్తుంది: అచ్చు కోసం రాసినవాటిలో దృఢంగా ఉండే మనిషి, సొంతవాళ్లకి రాసినవాటిలో అంత దృఢంగా ఉండదు. దుమ్ము పోయి, వానలొచ్చి, గోధుమ మళ్లీ పండాక కూడా ఆమె ఒంటరితనం తగ్గలేదు. భార్యాభర్తలిద్దరూ ఆ నేలమీదే ముసలివాళ్లయ్యారు, ఇద్దరూ 1966లోనే పోయారు.

ఇప్పుడు అందరికీ తెలిసిన కథ సంగతి. డస్ట్ బౌల్ అనగానే ఒక నవల, ఒక ఫోటో గుర్తొస్తాయి. టీచరు కూడా వాటినే అడగొచ్చు, అందుకే చెబుతున్నాను. 1939లో వచ్చిన స్టైన్‌బెక్ నవల ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’లో జోడ్ కుటుంబం బయల్దేరేది సాలిసా అనే ఊరి దగ్గర నుంచి. ఆ ఊరు ఉన్నది ఓక్లహోమా తూర్పు అంచున, ఆర్కన్సా పక్కన. దుమ్ము తుఫానులు విరుచుకుపడ్డది ప్యాన్‌హ్యాండిల్ మీద, అంటే రాష్ట్రానికి రెండో చివర. తూర్పున జనం పోయింది పత్తి ధర పడిపోయి, కౌలు దొరక్క, ట్రాక్టర్లొచ్చి. అది వేరే కష్టం. ఇక గుడారంలో పిల్లల్ని ఒడిలో పెట్టుకుని దిగులుగా చూస్తున్న తల్లి ఫోటో, 1936లో డొరతియా లాంజ్ తీసింది. అందులో ఉన్న ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ ఓక్లహోమాలో పుట్టిన చెరోకీ స్త్రీ, నిజమే, కానీ ఆమె 1920లలోనే కాలిఫోర్నియా చేరింది. దుమ్ము లేవకముందే. ఆ ఫోటోలో ఉన్నది తనేనని, అది తన మాట అడిగి వేసింది కాదని ఆమె బయటి ప్రపంచానికి చెప్పుకునేసరికి 1978 అయింది. అప్పటిదాకా ఆమె ముఖం అందరికీ తెలుసు, పేరు ఎవరికీ తెలీదు.

దుమ్ములో నిజంగా కూరుకుపోయిన కౌంటీల్లో సుమారు నాలుగింట మూడొంతుల మంది కదలనే లేదు. నవల, ఫోటో పోయినవాళ్లవి. ఉత్తరాలు ఉన్నవాళ్లవి. ఉన్నవాళ్లకి కదా అట్లా కూర్చుని రాసుకోడానికి ఒక బల్ల, ఒక చిరునామా ఉండేది. పోయినవాళ్ల గొంతు వినాలంటే వేరే చోట వెతకాలి: 1940, 41లో చార్లెస్ టాడ్, రాబర్ట్ సాంకిన్ అనే ఇద్దరు బరువైన రికార్డింగ్ యంత్రం మోసుకుని కాలిఫోర్నియాలోని ప్రభుత్వ వలస శిబిరాల్లో తిరిగి మాటలు, పాటలు, సభల్లో వాదనలు రికార్డు చేశారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాటిని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. యాస మొదట అర్థం కాదు. నలభై ఏళ్లుగా ఇక్కడుంటున్నా నాకే రెండుసార్లు వినాల్సొచ్చింది.

జ్ఞాపకాల పుస్తకాలు, ఆత్మకథలు ఉత్తరాల్లాంటివి కావు. ఉత్తరం రాసేవాడికి రేపు ఏమవుతుందో తెలీదు. జ్ఞాపకం రాసేవాడికి కథ ఎలా ముగిసిందో తెలుసు, లేదా తెలుసని అనుకుంటాడు. లారెన్స్ స్వోబిడా అనే యువకుడు 1929లో కాన్సస్‌లోని మీడ్ కౌంటీకి వచ్చి గోధుమ సాగు చేశాడు. పంట వెంట పంట పోయి చివరికి చేతులెత్తేసి వెళ్లిపోయి, 1940లో పుస్తకం వేశాడు. గాలి ఏ వైపు నుంచి వస్తే మట్టి ఏ రంగులో ఉంటుందో, ట్రాక్టర్ మీద కూర్చుని విత్తనం కొట్టుకుపోవడం చూస్తే ఎలా ఉంటుందో అంత వివరంగా రాసినవాళ్లు అరుదు. కానీ పుస్తకం చివర, ఈ మైదానాలు చాలావరకు ఎడారి అయిపోయాయి, మనిషి ప్రయత్నంతో ఇక బాగుపడవని తేల్చేశాడు. ఆ అచ్చు సిరా ఆరేలోగా వానలు తిరిగొచ్చాయి, యుద్ధం వచ్చింది, గోధుమకి ధర వచ్చింది. తర్వాత నేల అడుగున ఒగలాలా నీటి పొర మీద బోర్లు వేశారు. ఇప్పుడు విమానంలో వెళ్తూ కిందకి చూస్తే కనిపించే గుండ్రటి పచ్చ మళ్లు ఆ నీళ్లతో పండేవే. ఆ నీళ్లూ ఇప్పుడు తగ్గిపోతున్నాయనుకోండి, అది వేరే సంగతి. స్వోబిడా అబద్ధం చెప్పలేదు, ఓడిపోయి వచ్చిన కొద్దికాలానికే కూర్చుని రాశాడు, అంతే.

నేను బోర్లాపడ్డ సంగతి కూడా చెప్పాలి. మ్యూజియంలో ఒక కుటుంబం గురించి ప్రదర్శన పెడుతూ, మనవడు టైపు చేసి ఇచ్చిన జ్ఞాపకాలు ఆధారం చేసుకుని ఒక కార్డు రాశాను: ‘1935 ఏప్రిల్ 14 తుఫాను తర్వాత తాతగారు పొలం వదిలి వెళ్లారు’ అని. ఏప్రిల్ 14 అంటే బ్లాక్ సండే, పట్టపగలు కంటి ముందు చెయ్యి కనపడని రోజు. ఆరు నెలలు ఆ కార్డు గోడ మీద ఉంది. తర్వాత వేరే పని మీద కౌంటీ క్లర్క్ ఆఫీసులో పాత దస్తావేజులు తిరగేస్తుంటే అదే పొలం తాలూకు షెరీఫ్ డీడ్ కనపడింది. అప్పు కట్టలేక పొలం వేలానికి పోయింది. తేదీ 1933. ఆ తుఫానుకి రెండేళ్ల ముందు.

మనవడు కావాలని చెప్పలేదు, ఇంట్లో విన్నదే రాశాడు. ఆ ఇంట్లో అలా ఎందుకు చెప్పుకున్నారో నాకు ఒక్క క్షణం కూడా ఆలోచించక్కర్లేకపోయింది. మా ఊళ్లో కూడా వాన ఎగ్గొట్టింది అని పదిమందిలో అంటారు, అప్పు ముంచింది అనరు. 1931లో గోధుమ విరగపండింది, ధర మాత్రం మొదటి ప్రపంచ యుద్ధం నాటి 2 డాలర్ల పైనుంచి 40 సెంట్ల కిందికి పడిపోయింది. చాలామంది రైతుల్ని ముందు ముంచింది ఆ ధరే, గాలి తర్వాత వచ్చింది. గాలికి పోయిందంటే తలవంపు లేదు మరి. ఇంకో సంగతి, ముసలివాళ్ల జ్ఞాపకాల్లో ఎప్పటి తుఫానైనా చివరికి బ్లాక్ సండే అయిపోతుంది. పేరున్న రోజు పేరులేని రోజులన్నింటినీ మింగేస్తుంది. కార్డు మార్చాను. ఆ కుటుంబం వాళ్లకి ముందే ఫోన్ చేసి చెప్పాను, అది మాత్రం మర్చిపోవద్దు. ఇంటి పెద్దల కథని మనం గోడ మీద సరిదిద్దేటప్పుడు వాళ్లకి మొదట తెలియాలి.

వార్తాపత్రికలు పక్కన పెట్టుకుని చదవడం మంచిదే, కానీ అవి ఉత్తరాలకంటే నమ్మకస్తులని అనుకోవద్దు. ప్యాన్‌హ్యాండిల్‌కి దక్షిణాన టెక్సస్‌లో డాల్‌హార్ట్ అనే ఊరుంది. అక్కడి పత్రిక సంపాదకుడు జాన్ మెక్‌కార్టీ దుమ్ము తుఫానుల్ని పొగుడుతూ కూడా రాశాడు. 1935లో ‘లాస్ట్ మ్యాన్స్ క్లబ్’ పెట్టి, ఈ ఊరు వదిలే చివరి మనిషిని నేనే అవుతానని జనం చేత సంతకాలు పెట్టించాడు. మరుసటి ఏడాదే మంచి ఉద్యోగం రాగానే అమరిల్లో అనే ఊరికి వెళ్లిపోయాడు. ఊరి పత్రిక బతికేది ఊరి ప్రకటనలతో. ఊరు ఖాళీ అవుతోందని ఎలా రాస్తుంది?

అంతకంటే ముందు, 1908లో, ప్యాన్‌హ్యాండిల్ పడమటి కొసన బాయిస్ సిటీ అనే ఊరు పుట్టిందే ఒక దొంగ బ్రోషర్‌లోంచి. చెట్ల నీడన వీధులు, నీళ్లు, వ్యాపారాలు అన్నీ బొమ్మల్లో ఉన్నాయి. డబ్బు కట్టి వచ్చినవాళ్లకి ఉత్త గడ్డి మైదానం కనపడింది. అమ్మినవాళ్లు జైలుకెళ్లారు, కొన్నవాళ్లు మాత్రం కొంతమంది అక్కడే ఉండిపోయి నిజంగానే ఊరు కట్టుకున్నారు. మన వెంచర్ల బ్రోషర్లు చూసినవాళ్లకి ఇందులో కొత్తేం లేదు. నేను చెప్పేది, పాత కాగితం కాబట్టి నిజమనుకోవద్దని.

ఒక్కోసారి కాగితమే మాయమవుతుంది. ఇది ప్యాన్‌హ్యాండిల్ కాదు, టల్సా, కానీ ఈ రాష్ట్రంలో ఉంటూ తెలుసుకోకపోతే తప్పు. 1921 మే 31, జూన్ 1 తేదీల్లో గ్రీన్‌వుడ్ అనే నల్లజాతివాళ్ల పేటని శ్వేతజాతి మూకలు తగలబెట్టాయి. దాదాపు 35 బ్లాకులు బూడిదయ్యాయి. చనిపోయినవాళ్లు 300 దాకా ఉండొచ్చని చరిత్రకారుల అంచనా. ఆ గొడవని రాజేసిందని చెప్పే టల్సా ట్రిబ్యూన్ పత్రిక మే 31 సంచికని తర్వాతెప్పుడో మైక్రోఫిల్మ్ మీదకి ఎక్కించేసరికే అందులో కొంత చింపేసి ఉంది: మొదటి పేజీలో ఆ వార్త, లోపల సంపాదకీయం పేజీలో చాలా భాగం. మరి తెలిసిందెలా? టైపింగ్ నేర్పే మేరీ పారిష్ అనే ఆమె కూతురితో ప్రాణాలు దక్కించుకుని బయటపడి, తన అనుభవంతోపాటు ఇరుగుపొరుగు చెప్పినవన్నీ పోగుచేసి రెండేళ్లలోనే చిన్న పుస్తకంగా వేయించింది. బి. సి. ఫ్రాంక్లిన్ అనే లాయరు పదేళ్ల తర్వాత, 1931లో, పది పేజీలు టైపు చేసి పెట్టుకున్నాడు. ఆ పది పేజీలు 2015లో బయటపడి ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్నాయి. పెద్ద పత్రిక చింపుకున్న కథని ఇద్దరు మనుషుల టైప్‌రైటర్లు నిలబెట్టాయి. ప్రాజెక్టులో ఒక పేరా దీనికి ఇస్తే, ‘సొంత రాతలు ఎందుకు చదవాలి’ అని టీచరు అడిగినప్పుడు జవాబు తయారుగా ఉంటుంది.

వెతికే పద్ధతి కొంచెం చెబుతాను. ఓక్లహోమా హిస్టారికల్ సొసైటీ వాళ్లు పాత పత్రికల్ని ‘గేట్‌వే టు ఓక్లహోమా హిస్టరీ’ అనే సైట్‌లో ఉచితంగా పెట్టారు. అక్కడ పిల్లలు చేసే తప్పు, డస్ట్ బౌల్ అని టైపు చేయడం. బ్లాక్ సండే తర్వాత ప్యాన్‌హ్యాండిల్‌లోని గైమన్ నుంచి రాబర్ట్ గైగర్ అనే విలేకరి పంపిన వార్తలో తొలిసారి అచ్చయిన మాట అది. అంతకుముందు ఎవరూ అలా అనలేదు, తర్వాత కూడా అక్కడి జనం చాలామందికి ఆ పేరు నచ్చలేదు. 1932, 33, 34 పత్రికల్లో డస్టర్, శాండ్‌స్టార్మ్, బ్లాక్ బ్లిజర్డ్ అని వెతకండి. హోంస్టెడ్ భూమి ఎవరికి ఎప్పుడు పట్టా అయిందో బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ సైట్‌లో పేరు కొడితే కనిపిస్తుంది. 1930, 1940 జనాభా లెక్కల కాగితాలు ఇంటి ఇంటివీ చూడొచ్చు. 1940 లెక్కల్లో 1935లో మీరెక్కడ ఉండేవారు అనే ప్రశ్న కూడా ఉంది! ఉత్తరంలో కనపడే పొరుగింటివాడు నిజంగా వెళ్లిపోయాడా, వెళ్తే ఎక్కడికి వెళ్లాడు అన్నది ఈ ఒక్క గడితో ఎన్నోసార్లు తేల్చుకున్నాను.

చదివేటప్పుడు కొన్ని మాటలు తగులుతాయి. డగౌట్ అంటే నేలలోకి సగం తవ్వి పైన కప్పు వేసుకున్న ఇల్లు, క్రికెట్ సంగతి కాదు. కౌ చిప్స్ అంటే మన ఏరుపిడకలు, చెట్లు లేని నేలలో పొయ్యికి అవే. ‘సూట్‌కేస్ ఫార్మర్’ అంటే ఊళ్లో ఉండకుండా విత్తడానికీ కోయడానికీ మాత్రం వచ్చిపోయే బయటి రైతు. స్థానికుల జ్ఞాపకాల్లో దుమ్ము లేచిన తప్పంతా వీడిదే. కొంత నిజం, కొంత సుఖం. మట్టిని పట్టి ఉంచే బఫెలో గడ్డి పెళ్లగించి నేల దున్నింది ఒక్క బయటివాళ్లే కాదు, అక్కడే ఉన్నవాళ్లూ దున్నారు. పొరుగువాడి పేరు రాయలేక పరాయివాడి పేరు రాసినట్టు నాకు అనిపిస్తుంది.

మీ అమ్మాయికి నచ్చే సంగతి ఒకటి. వాన కోసం చచ్చిన పాముల్ని కంచె మీద వెల్లకిలా వేలాడదీసేవారని అక్కడి వృద్ధుల మౌఖిక చరిత్రల్లో వస్తుంది. డాల్‌హార్ట్‌లోనైతే టెక్స్ థార్న్‌టన్ అనే అతను ఆకాశంలో పేలుడు పదార్థాలు పేల్చి వాన కురిపిస్తానని ఊరి డబ్బు తీసుకున్నాడు. మన ఊళ్లలో కప్పలకి పెళ్లి చేయడం, కప్పతల్లి ఆడటం తనకి తెలియకపోతే మీరు చెప్పండి. ఇవి పుస్తకాల్లో తక్కువ, ముసలివాళ్లని కూర్చోబెట్టి అడిగితే ఎక్కువ. ఆ దుమ్ములో పెరిగినవాళ్లలో ఇప్పుడు బతికున్నవాళ్లు తొంభై దాటినవాళ్లే. పిల్లలు, మనవలు ఉన్నారు. ‘దుమ్ము గురించి చెప్పండి’ అని అడిగితే సినిమాలో చూసింది చెబుతారు. ‘మీ అమ్మగారు కిటికీలకి ఏం కట్టేవారు? రాత్రి భోజనం బల్ల మీద పళ్లేలు ఎలా పెట్టేవారు?’ అని అడగాలి. తడిపిన దుప్పట్లు, బోర్లించిన పళ్లేలు, అప్పుడు వరసగా వస్తాయి.

వీలైతే ఒక శని, ఆదివారం కారులో వెళ్లి రండి. ఓక్లహోమా సిటీ నుంచి గైమన్ నాలుగున్నర గంటలు పడుతుంది. దానికి పది మైళ్ల దూరంలో గుడ్‌వెల్ అనే ఊళ్లో నో మ్యాన్స్ ల్యాండ్ మ్యూజియం ఉంది, ఇంకా పడమటికి వెళ్తే బాయిస్ సిటీలో సిమరాన్ హెరిటేజ్ సెంటర్. బాయిస్ సిటీ వాళ్లని 1943లో మన సొంత అమెరికా విమానమే పొరపాటున బాంబులేసిన కథ అడగండి, నవ్వుతూ చెబుతారు. చిన్న మ్యూజియంలు అన్ని రోజులూ తెరవరు, నడిపేది నాలాంటి ముసలి వాలంటీర్లే. ముందుగా ఫోన్ చేసి, ఏ ఏడాది, ఏ ఊరు, ఎలాంటి ఉత్తరాలు కావాలో రెండు ముక్కల్లో చెబితే పెట్టె బయటికి తీసి ఉంచుతారు. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిల్ పట్టుకెళ్లమనండి. ఉత్తరంతోపాటు కవరు కూడా ఉందేమో అడగమనండి. చిరునామా, పోస్టు ముద్ర తేదీ ఉండేది దానిమీదే.